భీమ్‌గల్ పోయిన బోధన్ అవ్వ

నిజామాబాద్ బస్టాండులో నాతోపాటు కండక్టరుగా పనిచేసిన ఆమెను మేమంతా అక్కా అనే పిలిచేవాళ్లం. ఆమె "టికెట్, టికెట్" అని అరిస్తే వెనక సీట్లో నిద్రపోతున్న మగవాళ్లు ఉలిక్కిపడి చిల్లర, ఆడవాళ్లు ఉచిత టికెట్టుకు ఆధార్ కార్డు తీసేవారు. బస్టాండు మైకులో బస్సుల రాకపోకలు చెప్పే కంట్రోలరుగా ప్రమోషన్ ఇస్తామంటే మాత్రం గొంతు పట్టుకుని, "నాతోని గాదు సార్, గొంతు బాగలేదు" అనేది. ఆ మాట కూడా డిపో గేటు దాకా వినిపించేది.

అసలు భయం మైకంటే. "తప్పు చెప్తే ఇజ్జత్ పోతది తమ్మీ" అనేది నాతో.

తన తర్వాత చేరినవాళ్లకు ఆ కుర్చీ ఇస్తారని తెలిసి, రోషంతో చివరికి ఒప్పుకుంది. మొదటి రోజే మైకు పట్టుకుని, కంగారులో భీమ్‌గల్ బస్సును బోధన్ బస్సని చెప్పేసింది. జనం ఎగబడి ఎక్కారు. నేను పరుగున వెళ్లి చెప్పేసరికి అక్క ముఖం పాలిపోయింది. తనే బస్సు దగ్గరికి ఉరికి అందరినీ దింపింది. కిటికీ పక్కన కూర్చున్న ఒక ముసలామె మాత్రం కదల్లేదు.

"అవ్వా, దిగు. ఇది బోధన్ పోదు, భీమ్‌గల్ పోతది. తప్పు నాదే."

"ఏంగాదు బిడ్డా. భీమ్‌గల్‌ల మా చెల్లె ఉన్నది, సూసి శానా దినాలైంది. మంచి సీటు దొరికింది, నేనైతే దిగ."

అక్క కంట్రోలరు గదిలోకి వెళ్లి మళ్లీ మైకు అందుకుంది.

"ఇందాక తప్పు చెప్పిన. బోధన్ బస్సు ఇప్పుడొచ్చింది, ఎక్కుర్రి. చుట్టాలను సూడాల్నంటే భీమ్‌గల్ బస్సు గూడ ఉన్నది."

బస్టాండంతా నవ్వింది. అందరికన్నా పెద్దగా, మైకులో, అక్కే నవ్వింది.