వెంకటముని వదిలేసిన మోత

మా వెంకటముని పాత సైకిళ్లను బాగుచేస్తాడు. పూర్తిగా మాత్రం చేయడు. అష్టవంకర్లు తిరిగిన సైకిలును కూడా పెళ్లికొడుకులా తయారు చేస్తాడు కానీ, దానికున్న రోగాల్లో ఒక్కదాన్ని నయం చేయకుండా వదిలేస్తాడు. మరచిపోయి కాదు, కావాలనే. ముప్ఫయ్యేళ్లు బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషికి ఒక చైను కవరు లొడలొడ ఆపడం చేతకాదంటే పుంగనూరులో ఎవరూ నమ్మరు.

నా పేరు రాజేంద్ర. వాడి ఇంటి పక్కనే నా జిరాక్సు అంగడి. ఇద్దరం ఒకే బెంచీ మీద చదువుకున్నాం. పోలిక అంతటితో సరి. వాడు యాభై కిలోలు, నేను తొంభై నాలుగు. వాడు మోతలను పోగేస్తాడు, నాకు మోతంటే ఒళ్లు మంట. ఫ్యాను టకటకలాడినా, తలుపు కిర్రుమన్నా నూనె డబ్బా పట్టుకుని లేస్తాను. ఎదురింటివాళ్ల గేటుకు కూడా వాళ్లను అడక్కుండా నూనె వేసి వచ్చిన చరిత్ర నాది.

వాడి ఇంటి వెనక రేకుల షెడ్డులో పద్దెనిమిది సైకిళ్లు ఉన్నాయి. అన్నీ మా నాన్నల కాలంవి. రాలీలు, హంబర్లు, హెర్క్యులీసులు. ఒక్కొక్కదాన్ని విప్పి, కిరసనాయిలులో నానబెట్టి, పళ్లుతోమే బ్రష్షుతో పళ్లచక్రం పన్నుపన్నూ రుద్దుతాడు. నల్ల రంగు వేశాక, మడ్‌గార్డు మీద వెంట్రుకంత సన్నగా బంగారు గీత గీస్తాడు. ఆ గీత గీసేటప్పుడు ఊపిరి కూడా తీసుకోడు. మనల్నీ తీసుకోనివ్వడు. ఇంత చేసి, చివరికి ఏదో ఒక మూల 'కీచు'మనే దాన్ని అలాగే ఉంచుతాడు. చూస్తూ ఊరుకోవడం నావల్ల అయ్యేదా?

ఎవరైనా పాత సైకిలు తెస్తే, అది ఏ కంపెనీది, ఏ సంవత్సరానిది అని అడగడు. వాడి మొదటి ప్రశ్న వేరు. చౌడేపల్లె నుంచి ఒక పాల ఆసామి సైకిలు తోసుకొచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను.

"ఇది ఎట్ల అరస్తాండెప్పా?" అన్నాడు వెంకటముని.

"అరిసేదేంది సామీ, ఇదేమన్నా మేకా?"

"అది గాదు. మీ నాయన ఇంటికాడికి వచ్చేటప్పుడు ఏం మోత వస్తాండె?"

ఆ మనిషి నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. పాపం, కాసేపు బుర్ర గోక్కుని, "గుంతలో పడితే బెల్లు దాని పాటికి అదే మోగతాండె" అన్నాడు. అంతే, వెంకటముని మొహం వెలిగిపోయింది. సుద్దముక్క తీసి గోడ మీద రాశాడు: 'చౌడేపల్లె - గుంతకొక గణగణ.'

ఆ గోడ సంగతి చెప్పాలి. డిపోలో ఒక నల్లబోర్డు ఉండేది. డ్రైవర్లు వచ్చి, ఫలానా బస్సుకు బ్రేకు పట్టలేదనో, గేరు అరుస్తోందనో దాని మీద రాసేవాళ్లు. పని అయ్యాక మెకానిక్కు తుడిచేసేవాడు. ఆ అలవాటుతోనే షెడ్డు గోడకు నల్లరంగు పూసుకున్నాడని నేను అనుకున్నాను. అలా అనుకోవడమే నా కొంప ముంచింది. అది తర్వాత చెబుతాను.

పదిహేను రోజులకు చౌడేపల్లె సైకిలు మెరిసిపోయింది. వాడు వీధిలో తొక్కి చూస్తుంటే బెల్లు మాత్రం గుంతగుంతకూ దాని పాటికి అదే గణగణమంటూనే ఉంది. నేను కటింగ్ ప్లేయరు తీసుకుని వెళ్లాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ముట్టొద్దు. దాని పని అది చేస్తాండాది."

"ఏం పని? అరగంట నుంచి నా తల పగలగొడతాండాది!"

"అదేరా పని."

ఇలా ఎందుకు చేస్తాడన్నది మా వీధిలో పెద్ద చర్చ. టీ అంగడి దగ్గర అది దిష్టి కోసమన్నారు, బిడ్డకు బుగ్గన చుక్క పెట్టినట్లు. వాడి భార్య రాజేశ్వరిని అడిగితే, "దిష్టీ లేదు, గిష్టీ లేదన్నా. సోమరితనం. మా ఇంట్లో కొళాయి ఏడాది నుంచి కారతాండాది. బాగుచెయ్యప్పా అంటే, అది టప్పుటప్పుమంటేనే ఇది మనిల్లని తెలస్తాది అంటాడు" అంది. నేను వాడినే నిలదీశాను.

"గంగవరంలో ఒక బడి ఐవారుకి అన్నీ బాగుచేసి ఇచ్చినా" అన్నాడు వాడు. "సైకిలు పిల్లి మాదిరి పోతాండె. సందేళ ఆయప్ప సప్పుడు లేకుండా ఇంటికి పోతే, వాళ్ల కుక్కే వచ్చి ఆయప్పను కరిసె. ఐదు సూదులు. ఆ పొద్దు నుంచి ఒకటి ఇడిసిపెడతాండా."

నేను కడుపు పట్టుకుని నవ్వాను. వాడూ నవ్వాడు. కోతలు కోస్తున్నాడనుకుని వదిలేశాను.

అలాంటి రోజుల్లో కుప్పం సైకిలు వచ్చింది. టమోటా బండిలో ఖాళీ పెట్టెల మధ్య పడుకుని వచ్చింది. రంగు లేదు, పేరు లేదు, సీటు తోలు చీలికలై ఉంది. వెంకటముని ఎవరితోనో ఫోనులో చాలాసేపు మాట్లాడి గోడ మీద రాసుకున్నాడు: 'కుప్పం - టక్... టక్... కిర్ర్.' ఆపైన నెల రోజులు దాని మీదే ఉన్నాడు. ఆదివారం ఇచ్చేయాలని మాట. గురువారం పొద్దున బంగారు గీత కూడా అయిపోయింది. ఆ మధ్యాహ్నం సంచి భుజాన వేసుకుని మదనపల్లెకు బయలుదేరాడు.

"యాలరా ఇప్పుడు?"

"ఇనప సామాన్ల అంగళ్లలో ఒక స్ప్రింగు దేవులాడల్ల. రేపు సందేళకు వస్తా. షెడ్డు సూసుకో" అని తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్లాడు.

షెడ్డు చూసుకుందామనే వెళ్లాను. ఎదురుగా గోడ. సైకిలు ఇచ్చేసిన రోజే దాని లైను వాడే తుడిచేస్తాడు కాబట్టి, గోడ మీద ఆ ఒక్క లైను. డిపో లెక్కన, బోర్డు మీద ఉన్నదంటే ఇంకా చేయవలసిన పని. స్ప్రింగు కోసం ఊరు దాటి వెళ్లాడంటే, ఈ ఒక్కదాన్నైనా పూర్తిగా నయం చేసే ఉద్దేశమేననుకున్నాను. ఆదివారం దగ్గరికొచ్చింది, వాడేమో మదనపల్లెలో ఉన్నాడు, వయసా మీద పడుతోంది. స్నేహితుడన్నవాడు ఇలాంటప్పుడు కాకపోతే ఎప్పుడు ఆదుకుంటాడు?

పెడలు తిప్పి చూశాను. చైను కవరుకు ఒక సొట్ట ఉంది. పెడలు కడ్డీ దానికి తగిలి టక్, టక్ అంటోంది. కవరు ఊడదీసి, చెక్కసుత్తితో సొట్టను చదును చేశాను. సీటు స్ప్రింగులకు నూనె పోశాను. ఇంకో చుట్టు పోశాను. పెడలు తిప్పితే చీమ నడిచినంత చప్పుడు కూడా లేదు. తడిగుడ్డతో గోడ మీది లైను శుభ్రంగా తుడిచేశాను. ఇంటికి వెళ్లి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

శుక్రవారం సాయంత్రం వాడు వచ్చాడు. నేను వెనకాలే వెళ్లాను, మెచ్చుకోలు కోసం. వాడు పెడలు రెండు చుట్లు తిప్పాడు. ఆగాడు. చెవి వంచి మళ్లీ తిప్పాడు.

"రేయ్ రాజేంద్రా, మోత యాడ?"

"తీసేసినా."

"తీసి యాడ పెట్టినావురా?"

నేనేదో డబ్బాలో పెట్టి దాచినట్లు అడిగాడు. తర్వాత గోడ చూశాడు. చూసి, నెమ్మదిగా ఆ మట్టి నేల మీదే కూర్చున్నాడు. వాడు అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. వాడి పక్కన నేనూ కూర్చున్నాను. అప్పుడు చెప్పాడు.

ఆ సైకిలు శంకరప్ప అనే ఆయనది. పశువుల ఆసుపత్రి కాంపౌండరు. క్యారియరు మీద సూదుల పెట్టె కట్టుకుని శాంతిపురం చుట్టుపక్కల పల్లెలన్నీ ముప్ఫయ్యేళ్లు ఆ సైకిలు మీదే తిరిగాడు. ఆ టక్ టక్ వినిపిస్తే చాలు, ఆవులు గూటాలు పెరుక్కుని పారిపోయేవట. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆయన భార్య మునిలక్ష్మమ్మకు ఎనభై ఏళ్లు. కళ్లు కనపడక తొమ్మిదేళ్లు. ఇప్పుడు కుప్పంలో కూతురు మాలతి దగ్గర ఉంటోంది.

"మాలతమ్మ ఫోన్లో ఏమనిందో తెలుసునా?" అన్నాడు వెంకటముని. "రంగు వద్దులే అన్నా, మా అమ్మకు కనపడదు, ఆ మోత మాత్రం రావల్ల అనింది. ఆయమ్మ నోటితో చేసి సూపిస్తే నేను గోడ మీద రాసుకుంటి. కిర్రు సరిగ్గా పలకలేదనే స్ప్రింగు కోసం మదనపల్లెకు పోతి."

"మరి రంగు యాల వేస్తివి?"

"ఆయమ్మకు కనపడకపోతే మాత్రం? సైకిలుకు సిగ్గుండదా?"

"అయితే ఆ చౌడేపల్లె బెల్లు..."

"వాళ్లకూ అంతే. మనిషి వస్తాండాడని ఇంట్లోవాళ్లకు తెలిసేది ఆ మోతతోనే గదరా. దాన్ని తీసేసి నేను వాళ్లకు ఇచ్చేది ఏంది, ఇనుమా?"

"గంగవరం కుక్క?"

"నిజంగానే కరిసిందిరా. చెప్తే నవ్వితివి."

పక్కనే ఉంటూ ఇన్నేళ్లు వాణ్ణి సోమరి అనుకున్నాను, పిచ్చివాడనుకున్నాను. గోడ మీద రాసుకున్నవి చేయకూడని పనులని ఒక్కసారైనా తట్టలేదు.

శనివారమంతా తీసిన మోతను తిరిగి పెట్టడానికే సరిపోయింది. మోతను ఆపడం ఎవరైనా చేస్తారు, పుట్టించడం మహా కష్టం. నేను సుత్తితో కవరుకు సొట్ట వేశాను. డబ్, డబ్ అంది. "పెండ్లి మేళం మాదిరి ఉండాది, కొంచెం తగ్గించు" అన్నాడు వాడు. తగ్గిస్తే తుస్సుమంది. ఆరుసార్లు కొట్టాక టక్ వచ్చింది. ఇక కిర్రు మిగిలింది. స్ప్రింగుల్లో నేను పోసిన నూనెను కిరసనాయిలుతో కడిగాం, ఎండలో పెట్టాం, ఉప్పునీళ్లు చల్లాం. మదనపల్లె నుంచి తెచ్చిన స్ప్రింగు మార్చి చూశాం. వెంకటముని ఎక్కి షెడ్డు చుట్టూ ఇరవైసార్లు తిరిగాడు. కిర్రు రాలేదు.

రాజేశ్వరి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "కొళాయి మోత ఆపమంటే ఆపేదానికి రాదు. సైకిలుకు మోత పెట్టేదానికి ఇద్దరు మొగోళ్లా?"

మాలతికి ఫోను చేసి మళ్లీ అడుగుదామన్నాను. "ఏం మొగం పెట్టుకోని అడిగేది? ఆ ముసలమ్మ నెల దినాల నుంచి కాసుకోని ఉండాదంట. వచ్చినకాడికి తీసకపోదాం" అన్నాడు. వాడి గొంతులో నా మీద కోపం కూడా లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆదివారం మళ్లీ టమోటా బండి ఎక్కి కుప్పం చేరాం. మునిలక్ష్మమ్మ ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉంది. ఉతికిన చీర, తలలో కనకాంబరాలు. మాలతి మమ్మల్ని లోపలికి రమ్మంది. ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "కాపీ గీపీ తరవాత. ముందు ఆ మలుపు కాడి నుంచి తొక్కుకోని రాండి."

వెంకటముని మలుపు దాకా తోసుకెళ్లి, తొక్కుకుంటూ వచ్చాడు. టక్... టక్... టక్. ముసలమ్మ తల వంచి వింది.

"టక్కు ఉండాది" అంది. "ఆయప్ప మాత్రం రాలే. ఎవురో సన్న మనిషి వస్తాండాడు. మా ఇంటాయన కూసుంటే కింద సీటు ఏడ్సల్ల."

వెంకటముని సైకిలు దిగి నన్ను కిందినుంచి పైకి చూశాడు. మదనపల్లె అంగళ్లన్నీ గాలించినా దొరకని సామాను సొంత ఇంట్లోనే కనబడితే ఎలా చూస్తారో అలా చూశాడు.

"రేయ్, ఎక్కు."

"నేనా? నేను సైకిలెక్కి ఇరవై ఏండ్లాయరా!"

"ఎక్కరా సామీ!"

ఎక్కాను. మొదట గోడ వైపు వెళ్లింది, తర్వాత కాలువ వైపు. ఒక కోడి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెత్తింది. మలుపు దాకా ఎలాగో పోయి వెనక్కి తిరిగాను. టక్... టక్... నా తొంభై నాలుగు కిలోలు స్ప్రింగుల మీద సర్దుకున్నాయి. కిర్ర్! టక్... టక్... కిర్ర్! నా జన్మలో ఒక మోత విని అంత సంతోషపడింది అదే మొదలు.

లోపలి నుంచి గట్టిగా వినబడింది: "మాలతీ, కంచం పెట్టు! కాళ్లు కడుక్కోమను! ఆ సూదుల పెట్టె లోపలికి తేవద్దని చెప్పు!"

నేను వాకిట్లో సైకిలు పట్టుకుని బిగుసుకుపోయాను. మాలతి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంతలో ముసలమ్మే పకపకా నవ్వింది.

"భయపడొద్దు నాయనా. కండ్లు పొయినాయి గానీ మతి పోలేదు. దినామూ ఇదే అంటాంటి, నోరు ఊరుకోలే. ఎవురు నువ్వు?"

"రాజేంద్రనమ్మా. పుంగనూరులో జిరాక్సు అంగడి."

"అదీ సంగతి! అచ్చం మా ఇంటాయన మాదిరే జిరాక్సు తీస్తివి."

ఆ రోజు సంగటి, చెనిక్కాయల చట్నీ పెట్టింది. నేను చాలన్న ప్రతిసారీ ఇంకో ముద్ద వేయించింది. తిన్న తర్వాత ఇంకో నాలుగు చుట్లు తొక్కించింది.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. ప్రతి నెలా మొదటి ఆదివారం నేను కుప్పం వెళ్లి ఆ వీధిలో సైకిలు తొక్కుతాను. డాక్టరు నన్ను పది కిలోలు తగ్గమన్నాడు. వెంకటముని ఒప్పుకోలేదు. "నాలుగు కిలోలు తగ్గినా కిర్రు పోతాదిరా" అని, నేను షెడ్డుకు వెళ్లినప్పుడల్లా రెండు మైసూర్ బోండాలు తెప్పిస్తున్నాడు.

గోడ మీద పాత లైను మళ్లీ రాశాడు. ఈసారి తడిగుడ్డకు పోకుండా తెల్ల పెయింటుతో, బంగారు గీత గీసే ఆ సన్న బ్రష్షుతోనే రాశాడు: 'కుప్పం - టక్... టక్... కిర్ర్. రాజేంద్ర తొక్కవలెను. సన్నబడరాదు.'

దాని కింద సుద్దముక్కతో రాజేశ్వరి చేతిరాత ఉంది: 'ఇంట్లో కొళాయి - టప్... టప్.' అది రాసి కూడా ఆరు నెలలైంది. తుడిచే పని ఇంకా ఎవరూ పెట్టుకోలేదు.