పాలు పొంగించని వాకిలి

"అందాకా" అనే మాట వింటే నాకు ఒళ్లు మంట. భోగాపురానికి ఇవతల, తీరంలో ఉన్న మా ఊరు ఇన్నేళ్లుగా ఆ మాట మీదే బతుకుతోంది. సముద్రం ముందుకొచ్చి మా ఇళ్లు మింగేసినప్పుడు, రోడ్డు పక్కన రేకుల షెడ్లు వేసి, "టెంపరరీయే, అందాకా సర్దుకోండి" అన్నారు. కాగితాల్లో తాత్కాలికం అని రాశారట. మా ముసలాళ్లు నాలుగు రోజుల ముచ్చట అన్నారు. మాటలకేం, ఎన్నైనా దొరుకుతాయి. ఇల్లే దొరకలేదు.

ఈ మాటల్ని మా అందరికంటే గట్టిగా నమ్మింది తాతమ్మ అనే ఆవిడ. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగే మనిషి. మొగుడు పోయాక కూతురు హేమను ఒంటిచేత్తో పెంచింది. షెడ్డులోకి వచ్చిన రోజే వరసంతా వినేలా చెప్పింది.

"ఎవులూ పాలు పొంగించకండర్రా. పొంగించినామంటే ఇదే మన ఇల్లని ఒప్పేసుకున్నట్టే. ఇంక మనకి ఇల్లెవులిస్తారు?"

మాకూ సబబుగానే తోచింది. పాలు కాచినా పొంగేలోపే దించేసేవాళ్లం. తాతమ్మయితే గోడకు మేకు కూడా కొట్టనివ్వలేదు. అమ్మవారి పటం ట్రంకు పెట్టెలోనే ఉంచింది. ఎండాకాలం రేకు కింద ఉడికిపోతూ కూడా "ఎల్లిపోయేవోళ్లం, మనకేటి" అనేది.

ఏడో తరగతి పిల్లగా వచ్చిన హేమ ఆ రేకుల కిందే పెద్దదైంది. పక్క ఊరి శివాజీతో పెళ్లి కుదిరింది. బోటు మీద వెళ్లే కుర్రాడు, మంచివాడు. పిల్ల మనసూ అతని మీదే ఉంది. చిక్కల్లా రాట దగ్గర వచ్చింది. పెళ్లి ఎక్కడ చేసినా పెళ్లికూతురి వాకిట్లో పందిరి రాట వెయ్యాలి. పాలు పొంగించని వాకిట్లో రాట వేస్తే కాపురం నిలవదని శివాజీ తల్లి భయం. ఈ ముహూర్తం దాటితే వేరే సంబంధం చూసుకుంటామని కబురు పెట్టింది.

తాతమ్మ ఇళ్లిస్తామన్న సర్కారు ఆఫీసుకు పరుగెత్తింది. తోడు నేనూ వెళ్లాను. అక్కడి అబ్బాయి ఎంతో మర్యాదగా, "ఇంకొన్నాళ్లు ఓపిక పట్టమ్మా, టెంపరరీయే కదా" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ మర్యాదకే నాకు కోపం ఆగలేదు.

ఉత్త చేతులతో తిరిగొచ్చిన తల్లిని చూసి హేమ ఏడవలేదు.

"నీ ఇల్లొచ్చీసరికి నాను ముసిల్దాన్నయిపోతానమ్మా. నాకిక్కడ ఊపిరాడతన్నేదు. నన్నొగ్గీ."

మర్నాడు తాతమ్మ తట్ట ఎత్తలేదు. తలంటుకుని, కొత్త గిన్నెకు పసుపు రాసి, పాలు పోసి పొయ్యి మీద పెట్టింది. మేమంతా గుమ్మం దగ్గర గుమిగూడాం. పాలు అంచుదాకా లేచాయి. దించడానికి అలవాటుపడిన ఆమె చెయ్యి ముందుకెళ్లింది. తాతమ్మే దాన్ని వెనక్కి లాక్కుని చెంగులో చుట్టేసుకుంది. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి.

"అయిపోనాది," అంది.

హేమ తల్లిని వాటేసుకుని అప్పుడు ఏడ్చింది.

రాట వేశారు. పెళ్లయింది. హేమను అత్తారింట దిగబెట్టి తాతమ్మ తిరిగొచ్చేసరికి, పక్క షెడ్డులో లక్ష్మణమ్మ పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. అవతల నూకయ్య ఇంట్లోనూ అంతే. మా ఇంట్లోనూ అంతే.

తాతమ్మ గుమ్మం గుమ్మానికీ పరుగెత్తింది. "నా పిల్ల కోసం నాను పొంగించినాను. మీకేటొచ్చిందే? దించండే!"

"ఇది ఇల్లు కాదని ఇన్నాళ్లూ నువ్వే గదా సెప్పినావు పిన్నీ," అంది లక్ష్మణమ్మ, పొంగిన పాలలో బియ్యం పోస్తూ. "నువ్వే పొంగించీసినాక ఇంకెవుల మాట నమ్మమంటావు?"

తాతమ్మ ఇవతలికొచ్చి మా వాకిట్లోనే మట్టిలో కూలబడి, నా కాళ్లు పట్టుకుని, "నువ్వైనా దించమ్మా" అంది. నేను దించలేదు.