గట్టిమేళంలో వినపడని కబురు

1953. ఆత్మకూరు బస్టాండు దగ్గర్లో ఒక రేకుల కొట్టం అద్దెకు తీసుకుని బ్యాండు మేళం నడుపుతున్న రోజులవి. మాది ఉదయగిరి. యుద్ధకాలంలో మిలిటరీలో చేరితే నా చేతికి తుపాకీ ఇవ్వలేదు, క్లారినెట్ ఇచ్చారు. తిరిగొచ్చాక బతకడానికి నాకు తెలిసిన విద్య అదొక్కటే. కలువాయి నుంచి కొండాపురం దాకా ఎక్కడ పెళ్ళయినా ఎర్రకోట్లు తొడుక్కుని పోయేవాళ్ళం. బ్యాండు వాళ్ళంటే జల్సాగా బతికేవాళ్ళని జనం అనుకుంటారు. ఊళ్ళోవాళ్ళ సంతోషాన్ని వాయించిపెట్టడం మా పని, అంతే. మా కొంపల్లో ఏం జరుగుతోందో ఎవడికి కావాలి?

ఆ ఏడు వానలు లేవు. అంతకు ముందు ఏడూ అంతే. అనంతసాగరం వైపు చెరువులు నెర్రెలిచ్చిపోయాయి. ఆ వేసవిలో పెంచలయ్య మా కొట్టం ముందుకొచ్చి నిలబడ్డాడు. చెరువు చేపలు పట్టుకుని బతికే మనిషి. వయసు నలభైకి దగ్గర, మీసాల్లో తెలుపు కనిపిస్తోంది.

"మాస్టరూ, నాకు ఊదేది నేర్పించండి," అన్నాడు.

"మీసాలు నెరిసినాక అక్షరాభ్యాసమా? పో అబ్బయా, వేరే పని చూసుకో."

"ఇంకేం పని ఉండాది? చెరువులో బురద కూడా ఎండిపొయ్యింది. నా కాడ మిగిలింది ఊపిరొక్కటే. దాంతోనైనా నాలుగు మెతుకులు తిననీండి."

నాకు కోపం వచ్చింది, జాలీ వేసింది. ఈ రెండూ కలిసి వచ్చినప్పుడల్లా నేను నష్టపోయాను. సరే చూద్దామని చేతికి క్లారినెట్ ఇచ్చి లాంగ్ నోట్ ఊదమన్నాను. ఒకే స్వరాన్ని తెగకుండా, వణక్కుండా ఊపిరి ఉన్నంతసేపూ పట్టుకోవడాన్ని అలా అంటారు. కొత్తవాళ్ళు గుక్క తిప్పుకోలేక దగ్గుతారు. పెంచలయ్య ఊదుతూనే ఉన్నాడు. డ్రమ్ము వాయించేవాడు నోట్లో బీడీ తీసి చూడటం మొదలుపెట్టాడు. నీళ్ళ అడుగున ముళ్ళకంపలో ఇరుక్కున్న వలను విడిపించడానికి చిన్నప్పటినుంచి మునిగిన మనిషి. ఆ ఊపిరి ఊరికే వచ్చింది కాదు.

ఊపిరి సరే, వేళ్ళ సంగతేమిటి? క్లారినెట్‌కు రంధ్రాలుంటాయి. వాటిని వేలి కొసలతో గాలి పోకుండా మూయాలి. వెంట్రుకంత సందు దొరికినా స్క్వీక్ వస్తుంది, అంటే చెవులు చిల్లులుపడే కీచు. వలతాళ్ళు లాగిలాగి పెంచలయ్య వేళ్ళు పగిలి బీటలు వారి ఉన్నాయి. వాడు ఎంత గట్టిగా నొక్కితే అంత గాలి కారేది. పొద్దస్తమానం ఆ కీచు వినలేక, "ఒరే, పందిని కోస్తున్నారనుకుంటారురా!" అని తిట్టేవాణ్ణి. వాడు వేళ్ళకు ఆముదం రాసుకుని మళ్ళీ మొదలుపెట్టేవాడు. రోజూ అనంతసాగరం నుంచి నడిచొచ్చేవాడు.

ఒకరోజు వాడి భార్య రమణమ్మ కూడా వచ్చింది. పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు ఆమె కడుపుతో ఉంది. మనిషి బక్కచిక్కి ఉన్నా నోరు మాత్రం గట్టిది. కొంగులోంచి చింతచిగురు తీసి బల్లమీద పోసి, "మాస్టరూ, ఈయన్ని ఇంట్లో ఊదబోకమని చెప్పండి. మా మేక పాలియ్యడం మానేసింది," అంది.

"మేకకు కూడా సంగీతం తెలుసన్న మాట," అన్నాను.

"నవ్వండి, నవ్వండి. మా పెండ్లికి డప్పుకు కూడా గతిల్యా. బిడ్డ పుడితే పురిటిస్నానం నాడు తానే ఊదతానని ఊరంతా చెప్పుకుంటా ఉండాడు. అప్పటికన్నా నేర్పించండి, మా పరువు నిలబెట్టండి."

పెంచలయ్య సిగ్గుతో తల వంచుకుని రీడ్ తుడవడం మొదలుపెట్టాడు. రీడ్ అంటే క్లారినెట్ మూతికి బిగించే పల్చటి రెల్లు పలక. అప్పటికే అది శుభ్రంగా ఉంది.

చలికాలం వచ్చేసరికి వేళ్ళు మెత్తబడ్డాయి. కీచు పోయింది. గొప్ప విద్వాంసుడేం కాలేదు గానీ, వెనక వరుసలో నిలబడి తప్పులేకుండా ఊదగలడు. మొదటిసారి ఎర్రకోటు తొడిగినప్పుడు కొట్టంలో అద్దం లేకపోతే పక్కనున్న మంగలి షాపుకు పోయి చూసుకొచ్చాడు.

ఆత్మకూరులోనే ఒక శెట్టిగారి ఇంట్లో పెళ్ళి తగిలింది. పెంచలయ్యకు అదే మొదటి పెళ్ళి. పగటి ముహూర్తం. రమణమ్మకు నెలలు నిండాయి, అదే ఊళ్ళో ఉన్న పుట్టింటికి కాన్పుకు పోయి ఉంది. "బిడ్డ పుడితే మా బామ్మర్ది సుబ్బయ్య పరిగెత్తుకొని వస్తానన్నాడు. ఈరోజే వస్తాడేమో!" అని పొద్దుటినుంచి కనపడ్డవాడికల్లా చెబుతున్నాడు. "ముందు పెళ్ళి కానీరా," అని కసిరాను.

గట్టిమేళం సంగతి తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. తాళి కట్టేటప్పుడు తుమ్ముగానీ ఏడుపుగానీ చెడ్డమాటగానీ వధూవరుల చెవిన పడకూడదని ఉన్న వాయిద్యాలన్నీ ఒక్కసారిగా మోగిస్తారు. మా బ్యాండులో దానికొక కట్టుబాటు ఉంది. నేను సైగ చేసింది మొదలు, ఆపమని మళ్ళీ సైగ చేసేదాకా ఎవడి నోట్లోంచీ వాయిద్యం బయటికి రాకూడదు. ఇల్లు తగలబడుతున్నా సరే. ప్రతి మేళంలోనూ ఇదే పద్ధతి, నేను కనిపెట్టింది కాదు.

పంతులు మాంగల్యం ఎత్తాడు, నేను సైగ చేశాను. పందిరి వాకిలి నా వీపు వెనక ఉంది, మావాళ్ళు దానికి ఎదురుగా ఉన్నారు. మోత మొదలైన కాసేపటికి పెంచలయ్య నాదం ఒక్కసారి వదులైంది. క్లారినెట్ ఊదేవాడు నవ్వకూడదు. నవ్వితే పెదవుల బిగింపు సడలి స్వరం చెడుతుంది. నేను ఉరిమి చూశాను. వాడి కళ్ళు వెలిగిపోతున్నాయి. వాకిలి వైపు చూసి సంతోషంగా తల ఊపాడు. మళ్ళీ పెదవులు బిగించి, ఛాతీలో ఉన్న గాలంతా పెట్టి ఊదాడు. ఆ పూట వాడు ఊదినంత బాగా ముందెప్పుడూ ఊదలేదు. ఇంకోవైపు నుంచి శెట్టిగారు నాకు చేతులు ఊపుతూ, గట్టిగా, ఇంకా గట్టిగా అని సైగ చేస్తున్నారు. ఎందుకో నాకు తెలియలేదు. అక్షతలు పడేదాకా మోగించాం.

ఆపగానే వాడు నా దగ్గరికి ఒక్క ఉరుకున వచ్చాడు. "మాస్టరూ, పుట్టినట్టుండాడు! సుబ్బయ్య వచ్చి జనం తలల మీదుగా రెండు చేతులూ పైకెత్తి చూపించినాడు!"

వాకిలి దగ్గరికి పోయాం. సుబ్బయ్య లేడు. అక్కడ నిలబడ్డ శెట్టిగారి మనిషి చెప్పాడు.

"ఎవడో వచ్చినాడు, పంచెంతా నెత్తురు. ముహూర్తం టైములో ఆ నెత్తురు గుడ్డల్తో లోపలికి ఎట్టా రానిస్తాం? బావా, బావా అని అరిచినాడు. అక్కను బస్సులో పడుకోబెట్టినాడంట, ఈడ డాక్టరు చేతులెత్తేసి నెల్లూరు తీసకపొమ్మన్నాడంట. బస్సు హారను కొడతా ఉంటే మళ్ళీ పరిగెత్తినాడు."

పెంచలయ్య ఎర్రకోటుతోనే బస్టాండుకు పరుగెత్తాడు. బస్సు వెళ్ళిపోయింది. తరవాతి బస్సు సాయంత్రానికి గానీ లేదు. క్లారినెట్ ఇంకా చేతిలోనే ఉంది, నేనే లాక్కున్నాను.

రమణమ్మ నెల్లూరు దారిలో సంగం దాటకముందే పోయింది. లోపలి బిడ్డా దక్కలేదు. ఆ బస్సును వాడు అందుకున్నా ఆమె బతికేది కాదని డాక్టరు తరవాత చెప్పాడు. అది విని ఓదార్పు పొందేవాడెవడు? మట్టి చేసిన రోజు నేనూ అనంతసాగరం పోయాను. సుబ్బయ్య అందరి ముందూ బావ కోటు కాలరు పట్టుకున్నాడు. వాడు ఇంకా ఆ కోటు విప్పలేదు.

"మా అక్క బస్సులో అడగతానే ఉండింది. వస్తా ఉండాడా, వస్తా ఉండాడా అని. ఏం చెప్పమంటావు? నన్ను చూసి నవ్వి ఊదతా ఉండాడు అక్కా, అని చెప్పినా. నిజమే గదా చెప్పింది? ఆ తర్వాత మళ్ళీ నోరిప్పలేదు అది."

పెంచలయ్య ఏడవలేదు. "నువ్వు చేతులెత్తితే బిడ్డ పుట్టినాడనుకున్నా సుబ్బయ్యా," అని ఒక్కమాట అన్నాడు. అది వినడానికి సుబ్బయ్య అక్కడ లేడు, అప్పటికే లోపలికి పోయాడు. తప్పు ఎవరిదో తేలితే తిట్టి కడుపు చల్లార్చుకోవచ్చు. ఎవరిదని తేల్చను? ఆ రోజంతా వెతికినా నాకు తిట్టడానికి మనిషి దొరకలేదు.

కర్మాంతరాలయ్యాక వాడు కొట్టానికి వచ్చాడు. ఊళ్ళో ఉండలేకపోతున్నాడని అర్థమైంది. క్లారినెట్ అందించాను. తీసుకోలేదు.

"నా వల్ల కాదు మాస్టరూ. నోటికాడ పెట్టుకుంటే మా రమణమ్మ అడిగే మాటే వినపడతాది."

"మరి ఏం చేస్తావురా?"

"గట్టిమేళం మోగేటప్పుడు పందిరి బయట నిలబడతా. మనోళ్ళ కోసం ఎవరన్నా వస్తే వాళ్ళ మాట ఇంటా. ఇని, మీకాడికొచ్చి చెప్తా."

వద్దనలేకపోయాను. ఆనాటినుంచి మా మేళం పద్ధతి మారింది. నేను వాకిలి వైపు ముఖం పెట్టి నిలబడతాను. బయట ఎర్రకోటుతో ఒక మనిషి ఉట్టి చేతుల్తో ఉంటాడనీ, వాడు లోపలికొస్తే తాళి పంతులు చేతిలో ఉన్నా సరే మోత ఆగుతుందనీ పెళ్ళివారికి ముందే చెప్పేవాణ్ణి. అపశకునం మాటలేమిటయ్యా అని కొందరు మమ్మల్ని పిలవడం మానేశారు. పోతే పోనీ అన్నాను. నా విద్యలో నేను ఎవరి దగ్గరా నేర్చుకోని పాఠం ఇదొక్కటే. ఇది రావడానికి ఒక కొంప కూలింది, నేర్చుకున్నానని చెప్పుకోవడానికి నాకే సిగ్గేస్తుంది.

ఏళ్ళు గడిచాయి. చెరువు నిండింది, మళ్ళీ ఎండింది. పెంచలయ్య ఏ పెళ్ళికీ రాకుండా ఉండలేదు. ఎండైనా వానైనా పందిరి బయటే నిలబడేవాడు. ఎవరి కోసమూ ఎవరూ ఏ కబురూ తేలేదు. ఒకసారి ఉదయగిరిలో పెళ్ళికి పోయినప్పుడు ఉండబట్టలేక అడిగాను.

"ఇన్నేళ్ళలో ఒక్కడన్నా వచ్చినాడా? అంత కష్టపడి నేర్చుకున్న విద్య మట్టిగొట్టుకుపోతా ఉండాది. వచ్చి ఊదరా."

వాడు వీధి వైపే చూస్తూ అన్నాడు.

"ఎవరూ రాకుంటే మంచిదే గదా మాస్టరూ. వస్తే?"

లోపలినుంచి పంతులు కేక వేశాడు. నేను పోయి సైగ చేశాను.