ఫ్రిజ్జులో సముద్రం అడుగు

ఇలా చాప మీదకి జరగండి, కాళ్ళు చాపుకున్నా ఫర్వాలేదు. సముద్రం అడుగున బతికే వాళ్ళ సంగతి నిలబడి వినేది కాదు. ఆ రోజుల్లో, అనకాపల్లిలో మా అత్తవారింటికి ఫ్రిజ్జూ కొత్తే, నేనూ కొత్తే. ఇద్దరిలో మర్యాద ఫ్రిజ్జుకే ఎక్కువ (దానికి బొట్టు పెట్టి, పూల గుడ్డ కప్పారు). మేడ మీద అద్దెకున్న ల్యాబు అమ్మాయి ఒక పొద్దున లావుపాటి స్టీలు గొట్టాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని దిగింది. చుట్టూ బోల్టులు, నెత్తిన ఒత్తిడి చూపే ముల్లున్న గేజి. "అక్కా, మా ల్యాబులో ఫ్రిజ్జు పాడయింది. సాయంత్రం దాకా దీన్ని మీ ఫ్రిజ్జులో ఉంచండి. లోపల ఓడ మీద తెచ్చిన సముద్రం అడుగు బురద, అందులో బ్యాక్టీరియా. అక్కడి నీళ్ళు నొక్కినట్టే వాటిని లోపల నొక్కి ఉంచాం, ముల్లు దిగిందంటే ఆ నొక్కుడు పోయి చచ్చిపోతాయి. మళ్ళీ తెచ్చుకోడానికి నాకు ఓడ దొరకదు" అంది.

"నొక్కితే సావాలి గానీ, నొక్కకపోతే సావడమేటమ్మా?" అన్నాను. ఆ అమ్మాయి విడమర్చి చెప్పింది: చలికి నెయ్యి గడ్డకట్టినట్టు, అంత లోతు నీళ్ళ బరువుకి మామూలు బ్యాక్టీరియా ఒంటి పొర బిగుసుకుపోతుందట. వీటి పొర నూనెలా పలచనట, బరువుంటేనే సరిగ్గా నిలుస్తుందట. నేను చదివింది ఐదో తరగతి, కానీ నెయ్యి సంగతి నాకు తెలుసు.

మధ్యాహ్నం మా అత్త తమ్ముడు భోజనానికి వచ్చాడు. మిల్లులో బాయిలర్ దగ్గర పని, పెళ్ళికైనా జేబులో రెంచి లేకుండా వెళ్ళడు, అందుకే రెంచి మావయ్య. పెరుగు కోసం ఫ్రిజ్జు తీసి అక్కని కేకేశాడు. "అప్పా! ముల్లు సివరికంటా పోయింది! పేల్తే ఇల్లు లేచిపోద్ది. బోల్టు ఇప్పి ఒత్తిడి వదిలెయ్యాల!" కుక్కరు మూత ఒకసారి కప్పుకి తగలడం చూసిన మా అత్త, "తొరగా వదిలెయ్ రా" అంది. పెద్దవాళ్ళకి ఎదురుచెప్పే ధైర్యం నాకెక్కడిది? ఫ్రిజ్జు తలుపు మూసి, దానికి వీపు ఆనించి, వెల్లుల్లి ఒలుస్తూ కూర్చున్నాను.

"లెగవే! నీకేదైనా అయితే మీ పుట్టింటోళ్ళకి ఏటి సెప్పాల?" అంది మా అత్త.

"అత్తా, మొన్న పూడిమడక సేపలామె తెచ్చిన లోతు సేప గేపకముందా? నోట్లోంచి పొట్ట బయటికొచ్చీసి, కళ్ళు ఉబ్బిపోయేయి. 'పైకి లాగితే ఇలాగే ఔతాదమ్మా' అంది. గొట్టంలో ఇయ్యీ ఆ లోతు ఊరోళ్ళే."

మా అత్త ఆ చేప మొహం గుర్తుచేసుకుంది. "తమ్ముడూ, రెంచి జేబులో ఎట్టు. ఈ పూట పెరుగు లేకండా తిను." పాపం, ఆయన పెరట్లో కూర్చుని, ముద్ద ముద్దకీ ఫ్రిజ్జు వైపు చూస్తూ తిన్నాడు.

సాయంత్రం ఆ పిల్ల చెప్పులతోనే వంటింట్లోకి పరిగెత్తింది. ముల్లు చూసి, గోడకి జారబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. మా అత్త చెప్పులు క్షమించింది (నన్నెప్పుడూ క్షమించలేదు). "మరి ఆ లోతులో ఏటి తింటాయే?" అని అడిగింది.

"పైనుంచి రాలిపడ్డదే, పిన్నిగారూ."

"నెత్తిన బరువు, తినేది మిగిలిపోయిందా? ఐతే మా కోడళ్ళ జాతే!" అంది మా అత్త. తనూ ఒకప్పటి కోడలే కదా.

ఇప్పుడు మోకాళ్ళ నొప్పులని మా అమ్మాయి నా చేతిలో పనులన్నీ లాక్కుంది. నాలుగు రోజులకే నా ముల్లు అడుగుకి దిగిపోయింది. చివరికి బతిమాలి, ఒలవడానికి గుప్పెడు వెల్లుల్లి తెచ్చుకున్నాను. ఫ్రిజ్జుకి వీపు ఆనించే కూర్చున్నాను లెండి.

మీ ఇంట పెరుగు గట్టిగా తోడుకోవాలి, మీ అందరి నెత్తినా మోయగలిగినంత బరువే ఉండాలి తల్లీ.