రేకుల కప్పు పడవ

మా బావ పడవ కొన్నప్పటికి విశాఖ ఉక్కు ఇంకా మాటల్లోనే ఉంది. పడవ మాత్రం అక్క వాకిట్లోకి వచ్చేసింది. హార్బరులో పనికిరాదని పక్కన పడేసిన పొడుగాటి, సన్నటి చెక్కపడవ అది. బావ అక్కడ క్రేను నడిపేవాడు. అన్ని ఓడల సరుకు దింపినా అందులో ఒక్క ఓడా తనది కాదన్న దిగులుతో దీన్ని తెచ్చుకున్నాడని నా అంచనా. ఆ వేసవంతా అది వాకిట్లో బోర్లా పడుకుంది. దానిమీద అక్క చీరలు ఆరేవి, దాని కింద కోడి గుడ్లు పెట్టేది. అంతకుమించి ఇంటికి దానివల్ల ఒరిగిందేమీ లేదు.

చివరికి అక్క తీర్పు చెప్పేసింది.

"ఒక్కపాలి నన్ను దీన్లో తిప్పి, సీకటడకముందే ఇంటికి సేర్చు. అలాగైతే ఉంచుకో. లేదా, గొడ్డలి నానే తెత్తాను. వానాకాలం పొయ్యిలోకి కర్రల్లేవు."

బావ ఆ మాటని మనసుకి పట్టించుకున్నాడు. అక్కకి ఎండ తగలకూడదని పడవకి ఇనప గొట్టాలు నిలబెట్టి, పైన రేకులు బిగించి, నీలం రంగు వేశాడు. లెక్కల పని నాకు అప్పగించాడు. నేను తూకాల గుమాస్తాని. బడిలో కూడికలు, తీసివేతలు చెప్పారు. మిగతాదంతా నాకు నేనే నేర్చుకున్నాను కాబట్టి దానిమీద నాకు నమ్మకం ఎక్కువ.

హార్బరు వెనకున్న ఉప్పుటేరు గెడ్డలో పోటు నీటితోపాటు ఎగువకి పోయి, బావ మేనత్తగారి కొబ్బరితోటలో భోజనం చేసి తిరిగి రావాలి. దారిలో ఒకే ఒక అడ్డు, బళ్లు నడిచే పాత వంతెన. చాలా తగ్గుగా ఉంటుంది. నేను ముందే పోయి దాని దూలం ఎత్తు కొలిచాను, పోటుకి నీరు ఎందాకా వస్తుందో స్తంభంమీద నాచు చూసి గుర్తు పెట్టుకున్నాను. మనుషుల్ని ఎక్కించి పడవ ఎంత మునుగుతుందో కూడా చూశాను.

"నిండు పోటులోనైనా కప్పుకీ దూలానికీ మధ్య అంగుళం మిగులుతుంది బావా," అన్నాను.

"మిగలాల. లేదంటే మీ అప్ప గొడ్డలి ముందు నీకే సూపిత్తాను," అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం బావ చుట్టాలు పదిమంది, నేను, అక్క ఎక్కాం. బావ వెనక నిలబడి గెడకర్రతో నెట్టాడు. ఒకపక్క ఖనిజం గుట్టలమీంచి ఎర్రదుమ్ము పులిహోర గిన్నెమీద వాలుతోంది. ఇంకోపక్క పొగగొట్టాలు. నడుమ నీళ్లలో గేదెలు మమ్మల్ని వింతగా చూశాయి. అక్క ఒక్క మాటా మాట్లాడలేదు. బావ దాన్ని మెప్పు కింద జమ కట్టుకున్నాడు.

వంతెన కింద దూరేటప్పుడు నీరింకా సగమే ఉంది. కప్పు హాయిగా దాటిపోయింది. ఎవరైనా శభాష్ అంటారేమోనని చుట్టూ చూశాను. అందరూ జంతికలు నములుతున్నారు.

తోటలో భోజనాలయ్యాక దోమలు మా భోజనానికి వచ్చాయి. చుట్టాలు బల్ల గుచ్చుకుంటోందని, బస్సుకి పోతామని గొణిగారు. "అలాగే పోండి, బరువు తగ్గితే పడవకీ మంచిదే," అన్నాను. నా తెలివికి చాలా సంతోషించి వెళ్లిపోయారు. పోటు పూర్తిగా రాకముందే మేం ముగ్గురం తిరుగుదారి పట్టాం.

వంతెన కింద సగం దూరాక పైన గరగరమంది. పడవ ఆగిపోయింది. ముందుకి పోదు, వెనక్కి రాదు.

"ఏట్రా ఇది? నీ అంగుళం ఏదిరా?" అన్నాడు బావ.

నాకప్పుడు అర్థమైంది. "మీ చుట్టాలతోపాటు బస్సెక్కి పోయింది బావా."

పదిమంది బరువు దిగేసరికి పడవ మూడంగుళాలు పైకి లేచింది. కింద నీరు ఇంకా పెరుగుతూనే ఉంది. రేకు కిర్రుమంటోంది. కాసేపాగితే నీరు తీస్తుందని చెప్పబోయాను.

"అప్పటిదాకా కప్పుంటాదా, మనముంటామా?" అంది అక్క.

బావ రేకుల్ని చూశాడు, ఎర్రబడుతున్న ఆకాశాన్ని చూశాడు, అక్క చేతుల్ని చూశాడు. గొడ్డలి అప్పుడే వాటిలో ఉన్నట్టే చూశాడు.

వంతెనమీద చేపలమ్మే ఆడవాళ్లు ఖాళీ బుట్టలతో బస్సు కోసం నిలబడ్డారు. ఒకామె వంగి చూసి, "ఓలమ్మా! పడవకి మేడ కట్టినారేటే!" అంది.

"మా ఆయన కట్టినాడు. గృహప్రవేశం అవుతన్నాది, రండి," అంది అక్క. నావైపు తిరిగి, "ఎంతమంది కావాల్రా?" అంది.

"బస్సెక్కి పోయినంతమంది."

"ఓలప్పా, అందరూ దిగి రండి. మీరు ఊరికినే కూకుంటే సాలు!"

"ఊరికినే కూకోమంటే ఎవులొద్దంటారు? బుట్టల్తోనా, బుట్టల్లేకనా?"

"బుట్టల్తోనే. సేపలుంటే ఇంకా మంచిది!"

గట్టు దిగి, బయట ఉన్న తోకవైపు నుంచి ఒక్కొక్కరే ఎక్కారు. ఒక్కొక్కరికీ పడవ కాస్త కాస్త దిగింది. చివర ఎక్కిన పెద్దావిడ బల్లమీద కూలబడగానే రేకు దూలాన్ని వదిలేసింది. బావ గెడ వేశాడు. బయటపడ్డాం.

బావ పడవని గట్టుకి తిప్పబోతే పెద్దావిడ కళ్లెర్రజేసింది. "పని అయిపోనాదని ఇక్కడ ఒగ్గేత్తావేటి? మా జెట్టీ కాడ దింపు, బాబూ!"

బావ పడవని మళ్లీ నీళ్ల నడుమకి తిప్పాడు. దారంతా అక్క వాళ్ల మధ్య కూర్చుని వంజరం ధర గురించి పోట్లాడింది, నవ్వింది. పడవెక్కాక అదే మొదటి నవ్వు.

వాళ్లని దింపి ఇంటి రేవుకి చేరేసరికి వీధిదీపాలు వెలిగాయి. బావ తాడు కడుతూ నా చెవిలో, "సీకటడిపోనాదేట్రా?" అన్నాడు.

"ఇంకా పడలేదు," అన్నాను. లెక్క కట్టకుండా నేనిచ్చిన జవాబు అదొక్కటే.

అక్క చెప్పులు చేత్తో పట్టుకుని ఒడ్డెక్కింది. దీపాలకేసి చూసింది, మా ఇద్దరికేసి చూసింది.

"పడవుంచు. కప్పు పీకీ," అంది.

నీలం రేకులు కోళ్లగూటి పైకెక్కాయి. ఆ తరవాత చాలా ఆదివారాలు అక్క నల్లగొడుగు వేసుకుని పడవలో కూర్చునేది. వంతెన దగ్గరపడగానే గొడుగు ముడిచేది. ఎత్తు ఎంతని ఒక్కసారి కూడా నన్నడగలేదు.