పేరిందేవి చెప్పని మైల

పంపకాల్లో దేవుడి గది పెద్దవాళ్లకీ పెరడు చిన్నవాళ్లకీ వచ్చింది. పెద్దమనుషుల తెలివి అలా ఏడ్చింది. ముప్పై ఎనిమిదేళ్లుగా పేరిందేవి తన చేత్తో నాటి, నీళ్లు పోసి పెంచిన మందారాలూ నందివర్ధనాలూ గన్నేరూ తోడికోడలు సత్యవేణి పాలయ్యాయి. రోజూ ఆ పూలతో పూజలందుకున్న సీతారాములు మాత్రం ఇటు మిగిలిపోయారు. మధ్యలో నిలువెత్తు గోడ లేచింది.

"బజార్లో కొనుక్కోకూడదుటే?" అన్నాడు భర్త వీర్రాజు.

"సంచుల్లో కుక్కి తెచ్చిన వాడిపోయిన పూలు నా రాముడికా? మీ నెత్తిన పెట్టుకోండి."

ఒక్క పారిజాతం కొమ్మ మాత్రం గోడ దాటి ఇటువైపు వాలింది. నేలరాలినా దేవుడికి పనికొచ్చే పువ్వు అదొక్కటే. రోజూ తెల్లారేసరికి పేరిందేవి అక్కడ అలికి, రాలినవి ఏరుకుని పూజ చేసుకునేది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకుంటే ఆవిడ పేరిందేవి ఎలా అవుతుంది? "చెట్టు నాది, పువ్వు నాది, కాపలా మాత్రం మా మహారాణిగారిది" అని వీధంతా వినపడేలా అంది. అసలే ఆ ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఆ సాయంత్రమే సత్యవేణి మనిషిని పెట్టి కొమ్మ కొట్టించేసింది.

మర్నాడే సామర్లకోట నుంచి ఫోనొచ్చింది. వీర్రాజు బాబాయి పోయారు, తమ్ముడికి కూడా మీరే చెప్పండన్నారు. రెండిళ్లకీ పది రోజుల మైల. దీపం పెట్టకూడదు, దేవుణ్ణి ముట్టుకోకూడదు.

"తమ్ముడితో నాకు మాటల్లేవు. నువ్వు సత్యవేణికో మాట చెప్పు" అని వీర్రాజు బయల్దేరి వెళ్లి, కర్మలయ్యేదాకా అక్కడే ఉండిపోయాడు.

సరేనంది గానీ పేరిందేవి చెప్పలేదు. గోడ అవతల పూజ గంట మోగినప్పుడల్లా, "మోగించవే తల్లీ, మైలలో మోగించు. పాపం మూట కట్టుకో" అనుకుంటూ తీరిగ్గా కాఫీ తాగింది. ఆవిడ కడుపు చల్లబడింది.

తొమ్మిదోనాడు పొద్దున్నే ఎవరో తలుపు తట్టారు. తీసి చూస్తే సత్యవేణి. చేతిలో పళ్లెం నిండా ఎర్ర మందారాలు. ముఖం మాత్రం గంటు పెట్టుకునే ఉంది.

"తొమ్మిది రోజులైంది మీ గంట వినపడి. కొమ్మ కొట్టించానని దేవుడికి దీపమే మానేస్తారా అక్కా? ఆ పాపం నా మెడకి చుడదామనా? ఇదిగో, తీసుకోండి. రోజూ తెచ్చిస్తాను. మీ మీద ప్రేమ కారిపోయి కాదులెండి."

పేరిందేవి చేతులు ముందుకెళ్లి ఆగిపోయాయి. ఇన్నాళ్లకి తన పూలు తన గుమ్మంలోకొచ్చాయి. ముట్టుకునే రాత లేదు. ఏదో ఒకటి కల్పించి చెబుదామంటే దేవుడి పూల ముందు అబద్ధం నోటికి రాలేదు.

"అందుక్కాదు, మైల. సామర్లకోట మావయ్యగారు పోయి తొమ్మిది రోజులైంది."

"మరి నాకు చెప్పలేదేం?"

పేరిందేవి తల వంచుకుంది. సత్యవేణి అరవలేదు.

"అంటే తెలిసీ, నేను దీపం పెడుతుంటే వింటూ కూర్చున్నారన్నమాట. మైల విన్న దగ్గర్నుంచే అంటుతుందని అత్తయ్యగారు ఎన్నిసార్లు చెప్పలేదు? నేను విననేలేదు, నాకేం అంటలేదు. తెలిసి దాచినవాళ్లదే ఆ పాపమంతా." పళ్లెం వైపు చూసింది. "గుమ్మం ఎక్కినప్పుడు ఇవి దేవుడి పూలే. మీరు నోరు తెరిచాకే మైలపడ్డాయి."

పూలన్నీ మెట్ల మీద కుమ్మరించి వెళ్లిపోయింది.

పేరిందేవికి తల కొట్టేసినట్టయింది. ఏడుపూ సిగ్గూ కలిసి ముంచుకొచ్చాయి. వీధిలో వాళ్లు చూస్తున్నారని చీపురు తెచ్చి, తను పెంచిన మందారాల్ని తనే కాలవలోకి ఊడ్చేసింది.