సోడానీళ్లల్ల ఎర్రబడ్డ నలుగుచీర

మా చిన్నతనంల… చిన్నత్త పెళ్లి. వరంగల్ బజార్ల మా కిరాణం దుకాణం, దాని ఎనకనే ఇల్లు. ఇంటినిండ చుట్టాలు. నలుగు పెట్టినప్పుడు అత్త కట్టుకున్న తెల్లచీర పసుపుతోని ముద్దయింది. దాన్ని మా అమ్మ బకెట్ల నానేసింది.

ఎప్పుడైనా కుంకుడుకాయలతోనే ఉతికేది. ఆ రోజు మాత్రం ఆడబిడ్డ చీర తెల్లగ మెరవాలని దుకాణంలకెల్లి బట్టల సోడా తెచ్చి ఏసింది. ఎంత ఆశతోని ఏసిందో పాపం…

చూస్తుండంగనే పసుపు మరకలన్నీ ఎర్రగైనయి… రగతం లెక్క!

మా నాయనమ్మ చూసి గుండెలు బాదుకున్నది.

"ఏం జేసినవే? పెళ్లిపిల్ల చీరకు రగతం చూపిస్తవా?"

"సోడా ఏసిన అత్తమ్మా, గంతే… ఒట్టు!"

"నోర్ముయ్! నా బిడ్డ మంచి చూసి ఓర్వలేకనే! ముట్టకు దాన్ని!"

మంచినీళ్లల్ల జాడిస్తనన్నా జాడియ్యనియ్యలే. చీరను పెరట్ల కాలవెట్టిండ్రు. పెళ్లయ్యేదాక అమ్మ వంటింట్లకెల్లి బయటికి రాలే. నేను పోయి పక్కన కూసుంటే, "నువ్వన్న నమ్ముతవా కొడుకా" అన్నది. ఎనిమిదేండ్లోన్ని… ఆ ఎరుపు నా కండ్లతోని చూసినోన్ని. తల ఊపలే.

విచిత్రం చూడుండ్రి… అదే పెళ్లిల, పిల్లకూ పిల్లగానికీ దిష్టి తీయనీకి పసుపునీళ్లల్ల ఇంత సున్నం కలిపి ఎర్రనీళ్లు చేసింది మా నాయనమ్మనే! ఆ ఎరుపు శుభమట. మా అమ్మ చేతుల ఎరుపు అరిష్టమట!

ఏడాది తిరగకముందే, మామ తాగుడుకు తాళలేక చిన్నత్త పుట్టింటికి తిరిగొచ్చింది. ఆ పాపం సుత అమ్మ మీదనే ఏసిండ్రు. అప్పటిసంది మంచికార్యమంటే చాలు, అమ్మ ఎనక్కి జరిగేది. నా పెళ్లికి సుత నాకు నలుగు పెట్టనీకి ముందుకు రాలే. నేనన్న చెయ్యి పట్టి గుంజుకురాలే…

మొన్న మా బిడ్డ పనిచేసే సర్కారు బడికి పోయిన, ధర్మసాగర్ దిక్కు. సైన్స్ టీచరమ్మ! ఐదో తరగతితోని బడి మానేసిన నాకు ఇంత సదువుకున్న బిడ్డ… ఎంత మురిసిపోయిన్నో చెప్పలేను! "రా బాపు, మా పిల్లల ప్రయోగాలు చూద్దువు" అని తనే తోల్కపోయింది.

ఒక చిన్నపిల్ల, పసుపు పూసిన కాయితాన్ని సోడానీళ్లల్ల ముంచింది. ఎర్రగయింది! అచ్చం ఆ చీర లెక్కనే! దానిమీద నిమ్మకాయ పిండింది… మళ్ల పసుపే!

"తాతా, క్షారం తగిల్తే పసుపు ఎర్రగైతది. పులుపు తగిల్తే మళ్ల ఎప్పటిలెక్కనే. ఇసొంటిదాన్ని సూచిక అంటరు" అని గడగడ ఒప్పజెప్పింది.

చప్పట్లు కొట్టిన… అందరికంటే గట్టిగ! "మా అమ్మ తప్పు లేదు!" అని ఒర్లిన. పిల్లలంత పకపక నవ్విండ్రు. మా బిడ్డ ఉరికొచ్చి, "ఏమైంది బాపు? నవ్వుతున్నవా, ఏడుస్తున్నవా?" అన్నది. నాకే తెల్వలే.

అమ్మ పోయి ఇరవై ఏండ్లు దాటింది.

ఇయ్యాల బడిపిల్ల రెండు నిమిషాలల్ల చెప్పే ముచ్చట, ఆనాడు మా ఇంట్ల చెప్పేటోళ్లు లేకపోయిరి. సరే, సదువు లేకుండె అనుకుందాం… కానీ అమ్మ మాట నమ్మనీకి సదువు కావాల్నా?

మీ ఇండ్లల్ల సుత చెయ్యని తప్పుకు మాటవడ్డ అమ్మలుంటే జర రాయుండ్రి. ఆమె ఇంకా బతికుంటే మాత్రం… ముందు ఆమె దగ్గరికి పోయి చెప్పుండ్రి. నాకు తర్వాత రాద్దురు.